ఫుడ్ సేఫ్టీ ప్లాన్‌లో రేడియోధార్మిక ప్రమాదం: ఆ గడి ఎలా నింపాలి

మీ హజార్డ్ అనాలిసిస్ పట్టిక, అంటే మీ ఆహారంలోకి ఏ ప్రమాదాలు రాగలవో వరసగా రాసుకునే పట్టిక, ఒకసారి తెరవండి. సాల్మొనెల్లా, లిస్టీరియా బ్యాక్టీరియా వరసలు కిక్కిరిసి ఉంటాయి. అలర్జెన్లకు విడిగా రంగు కూడా వేసి ఉంటారు. రేడియోధార్మికత దగ్గరికి వచ్చేసరికి చాలా ప్లాన్లలో 'వర్తించదు' అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. ఆడిటరు వేలు ఆగేది అక్కడే. ఎక్కువ ఉత్పత్తులకు చివరికి తేలేది ఆ జవాబే కావచ్చు, దానితో పేచీ లేదు. ఆ జవాబుకు మీరు ఎలా చేరుకున్నారో కాగితం మీద కనపడకపోవడమే లోపం.

అమెరికాలో 2015లో ఖరారైన నివారణ నియంత్రణల నియమం (అక్కడి ఫెడరల్ నిబంధనావళిలో 21 సీఎఫ్ఆర్ 117వ భాగం) రేడియోధార్మిక ప్రమాదాలను రసాయన ప్రమాదాల కింద చేర్చి, వాటిని పరిశీలించి తీరాలంటుంది. ఆహార భద్రతా నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 22000:2018 కూడా ప్రమాదం అన్న మాటను నిర్వచించేచోట రేడియోధార్మిక పదార్థాలను పేరుపెట్టి ప్రస్తావించింది. పరిశీలించడమంటే ప్రతి బ్యాచ్‌నీ ల్యాబుకు పంపడమని ఎవరూ అనలేదు. అది ఏ దారిన రాగలదో చూడాలి, ఆ దారి మీ దగ్గర తెరిచి ఉందో మూసి ఉందో తేల్చాలి, తేల్చినదాన్ని రాయాలి. కింది అంచెలు ఆ వరసలోనే ఉన్నాయి.

అంచె 1: ఏ పదార్థాలను వెతుకుతున్నారో ముందు తేల్చుకోండి

'రేడియేషన్' అని ఒక్క మాటగా రాస్తే విశ్లేషణ ముందుకు కదలదు. పేర్లు రాయండి. భూగర్భ జలాల్లో సహజంగా ఉండేవి రేడియం-226, రేడియం-228, యురేనియం. రియాక్టర్ ప్రమాదం జరిగితే ఆహారంలోకి వచ్చేవాటిలో ముఖ్యమైనవి అయోడిన్-131, సీజియం-134, సీజియం-137, స్ట్రాన్షియం-90. ప్లుటోనియం, అమెరీషియం అరుదు, కానీ పరిమితుల పట్టికల్లో ఉంటాయి. పరిశ్రమల్లో వాడే సోర్సుల (రేడియోధార్మిక పదార్థం నింపిన క్యాప్సూళ్ల) నుంచి సీజియం-137, కోబాల్ట్-60 రావచ్చు.

పక్కనే అర్ధాయువు (సగానికి తగ్గడానికి పట్టే కాలం) కూడా రాసుకోండి, ఎందుకంటే మీరు తీసుకోబోయే నిర్ణయాలు చాలావరకు దాని మీదే నడుస్తాయి. అయోడిన్-131 ఎనిమిది రోజుల్లో సగమవుతుంది. 80 రోజులు ఆగితే వెయ్యోవంతుకు పడిపోతుంది. సీజియం-134కి రెండేళ్లు. సీజియం-137కి 30 ఏళ్లు, స్ట్రాన్షియం-90కి దాదాపు 29 ఏళ్లు. రేడియం-226కి 1600 ఏళ్లు, అంటే మీ బోరులో ఈరోజు ఉన్నది ఎల్లుండికి తగ్గుతుందన్న ఆశ వదులుకోవచ్చు.

ఒక అపోహ ఇక్కడే తీర్చేసుకోవాలి. గామా కిరణాలతో శుద్ధిచేసిన మసాలా దినుసులు రేడియోధార్మికం కావు. కోబాల్ట్-60 గామా కిరణాలకు గానీ, ఆమోదించిన శక్తి పరిమితి దాటని ఎలక్ట్రాన్ పుంజానికి గానీ ఆహారాన్ని రేడియోధార్మికంగా మార్చే శక్తి లేదు. ఇరేడియేషన్ చేసిన ముడి సరుకును ఈ గడిలో పడేసి దాని మీద నియంత్రణలు రాసిన ప్లాన్లు కనిపిస్తూనే ఉంటాయి. అది లేబుల్‌కు సంబంధించిన విషయం, ఈ పట్టికలోది కాదు.

అంచె 2: నీటితో మొదలుపెట్టండి

మామూలు రోజుల్లో, ఎక్కడా ఏ ప్రమాదమూ జరగనప్పుడు, మీ ప్లాంటులోకి రేడియోధార్మికత రాగల దారుల్లో అన్నిటికన్నా వాస్తవమైనది నీరు. అందులోనూ సొంత బోరు. ఉత్పత్తిలో కలిసే నీరు, కడిగే నీరు, ఐసు, ఉత్పత్తికి తాకే ఆవిరి, ఇలా ప్రతిదానికీ మూలం ఏమిటో ఫ్లో డయాగ్రాం మీద గుర్తు పెట్టండి.

నీరు ప్రజా సరఫరా నుంచి వస్తే పని సులువు. సరఫరాదారు రేడియోలాజికల్ పరీక్షల తాజా ఫలితాలు తెప్పించి ఫైలులో పెట్టండి. అయితే ఒకటి అడగడం మరవకండి: ఏడాది పొడవునా ఒకే మూలం నుంచి ఇస్తున్నారా, లేక కొరత నెలల్లో లోతైన బోర్లు కలుపుతున్నారా? రిపోర్టు చెరువు నీటిదై, మీకు వచ్చేది బోరు నీళ్లయితే ఆ కాగితానికి విలువ లేదు.

సొంత బోరైతే పరీక్ష చేయించాల్సిందే. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలి వడపోతగా ఇచ్చిన స్థాయిలు (ఏ పదార్థమో చూడకుండా, నీటిలోని ఆల్ఫా, బీటా కణాలన్నిటినీ లెక్కించే పరీక్షకు) మొత్తం ఆల్ఫా లీటరుకు 0.5 బెక్వెరల్, మొత్తం బీటా లీటరుకు 1 బెక్వెరల్. సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెక్వెరల్. అమెరికా పర్యావరణ సంస్థ పరిమితులు పికోక్యూరీల్లో ఉంటాయి: రేడియం రెండు రకాలూ కలిపి లీటరుకు 5, మొత్తం ఆల్ఫా 15. పికోక్యూరీని 0.037తో గుణిస్తే బెక్వెరల్ వస్తుంది, కాబట్టి ఆ 5 అంటే 0.185 బెక్వెరల్. రెండు యూనిట్లను కలగలిపి రాసి పరిమితిని 27 రెట్లు తప్పుగా వేసుకున్న ప్లాన్లు లేకపోలేదు. పట్టిక పైన యూనిట్ రాసి, చివరిదాకా దాన్నే వాడండి. యురేనియానికి రెండు సంస్థలూ లీటరుకు 30 మైక్రోగ్రాములే పెట్టాయి. అది కిడ్నీల మీద దాని రసాయన విషప్రభావాన్ని దృష్టిలో పెట్టుకున్న అంకె.

మొత్తం ఆల్ఫా, బీటా పరీక్ష బాగా వస్తే చాలనుకోవడం తేలిగ్గా జరిగే పొరపాటు. రేడియం-228 బీటా రకం, కాబట్టి ఆల్ఫా పరీక్షకు అది కనపడదు. మొత్తం బీటా హద్దు 1 బెక్వెరల్ అయితే, రేడియం-228కి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన స్థాయి 0.1 మాత్రమే. అంటే సూచించిన స్థాయికి ఐదింతలు ఉన్నా బీటా పరీక్షలో పాసైపోవచ్చు. భూగర్భ జలానికి మొదటిసారి పరీక్ష చేయించేటప్పుడు రేడియం-226, రేడియం-228, యురేనియం మూడింటినీ పేరుపెట్టి అడగండి.

శాంపిల్ తీసేటప్పుడు పంపును కొంతసేపు వదిలి, పైపులో నిలిచిన నీరు పోయాక పట్టండి. ప్లాస్టిక్ సీసా వాడండి. ల్యాబు చెప్పిన మోతాదులో నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కంటే కిందకు తేవాలి, లేకపోతే రేడియం సీసా గోడలకు అంటుకుని ఫలితం తక్కువ చూపిస్తుంది. నీటిలో లవణాలు ఎక్కువైతే ల్యాబుకు ముందే చెప్పండి. నీటిని ఆవిరి చేశాక మిగిలే ఉప్పు పొర మందంగా ఉంటే ఆల్ఫా కణాలు ఆ పొరలోనే ఆగిపోతాయి, లెక్కకు రావు.

హద్దు దాటితే ఏం చేయాలి? మరిగించడం పనికిరాదు సరికదా, నీరు ఆవిరై పోయే కొద్దీ మిగిలినదాంట్లో గాఢత పెరుగుతుంది. క్లోరిన్‌కు దీంతో సంబంధమే లేదు. ఆర్‌వో రేడియాన్నీ, యురేనియాన్నీ రెండింటినీ పట్టుకుంటుంది. నీటిని మెత్తబరిచే సాఫ్టెనర్ రేడియాన్ని బాగా తీస్తుంది, కానీ యురేనియాన్ని వదిలేస్తుంది. నీటిలో యురేనియం సాధారణంగా కార్బొనేట్లతో కలిసి రుణావేశంతో తిరుగుతుంది, దానికి రుణావేశ కణాలను పట్టే యానయాన్ రెసిన్ గుళికలు కావాలి.

సాఫ్టెనర్ గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే పర్యవేక్షణ తేలికైన చోటు ఇదే. సాఫ్టెనర్‌లోని రెసిన్ కాల్షియం కంటే రేడియాన్నే గట్టిగా పట్టుకుంటుంది. అందువల్ల రెసిన్ నిండిపోయినప్పుడు ముందు బయటపడేది కఠినత్వమే (నీటిలోని కాల్షియం వంటి లవణాలే), రేడియం తర్వాత వస్తుంది. రోజూ రేడియం పరీక్ష ఎవరూ చేయలేరు, కానీ కఠినత్వం చుక్కల కిట్‌తో రెండు నిమిషాల పని. అదే మీ రోజువారీ పర్యవేక్షణ: షిఫ్టు మొదట్లో సాఫ్టెనర్ బయటి నీటి కఠినత్వం చూడాలి, పెట్టుకున్న హద్దు దాటితే ఉత్పత్తికి ఆ నీరు ఆపి రెసిన్‌ను ఉప్పునీటితో రీజనరేట్ చేయాలి. రేడియం పరీక్ష ఏడాదికోసారి, ఈ పద్ధతి పనిచేస్తోందని నిరూపించుకోవడానికి.

ఇక్కడ దెబ్బతీసేది బైపాస్ వాల్వ్. నీరు మరీ మెత్తబడితే పైపులు తినేస్తుందని చాలా సాఫ్టెనర్లలో కొంత ముడి నీటిని పక్కనుంచి కలుపుతారు. ఆ కలిపే నీటిలో రేడియం మొత్తం అలాగే వస్తుంది. శాంపిల్ సాఫ్టెనర్ మూతి దగ్గర కాకుండా, బైపాస్ కలిసిన తర్వాత పట్టాలి. రీజనరేషన్ ఉప్పునీరు, ఆర్‌వో వదిలే నీరు, పాత రెసిన్ వీటన్నిటిలో రేడియం పోగుపడుతుంది. వాటిని ఎక్కడ పారబోయాలో స్థానిక నియమాలు చూసుకోకుండా మురుగుకాల్వలోకి వదలకండి.

అంచె 3: ముడి సరుకు పుట్టిన చోటు

పదార్థాల జాబితా తీసుకుని ఒక్కోదానికీ రెండు ప్రశ్నలు వేయండి. ఎక్కడ పండింది? రేడియోధార్మికతను పోగుచేసుకునే స్వభావం దానికి ఉందా?

రెండో ప్రశ్నకు జవాబు చాలావాటికి 'లేదు'. ఉన్నవాటిని గుర్తుంచుకోవడం తేలిక: అడవి పుట్టగొడుగులు, అడవి బెర్రీలు, అడవిపంది వంటి వేట మాంసం. దున్నిన పొలంలో సీజియం బంకమట్టికి అతుక్కుని మొక్కకు అందకుండా పోతుంది. అడవిలో అది ఆకుల మెత్త పొరలో తిరుగుతూనే ఉంటుంది, పుట్టగొడుగు దాన్ని పీల్చేస్తుంది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో పేలుడు జరిగింది. ఆ సీజియం-137లో నలభై ఏళ్ల తర్వాత కూడా సుమారు 40 శాతం మిగిలే ఉంటుంది. ఐరోపా సమాఖ్య ఆ ప్రమాదం తాలూకు దేశాల నుంచి వచ్చే సరుకుకు సీజియం పరిమితిని కిలోకు 600 బెక్వెరల్‌గా, పాలకూ పసిపిల్లల ఆహారానికీ 370గా పెట్టింది.

సముద్రపు నాచు అయోడిన్‌ను పోగుచేస్తుంది. ఆల్చిప్పల జాతుల్లో పొలోనియం-210 సహజంగానే ఎక్కువ. బ్రెజిల్ నట్స్‌లో రేడియం ఉంటుంది. ఈ సహజ స్థాయిలను వ్యాపార నియంత్రణలతో తగ్గించడం కుదిరే పని కాదు. పట్టికలో ప్రస్తావించి, కారణం రాసి ముందుకు సాగండి.

మొదటి ప్రశ్న దగ్గర మాత్రం పటం చూసి ఊరుకోవద్దు. 2025 ఆగస్టులో ఇండోనేసియా నుంచి అమెరికా వెళ్లిన రొయ్యల్లో సీజియం-137 కనపడింది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షించిన ఒక శాంపిల్‌లో అది కిలోకు సుమారు 68 బెక్వెరల్. ఇండోనేసియాలో అణు విద్యుత్ కేంద్రం లేదు. 'పండిన దేశంలో అణు విద్యుత్ కేంద్రం లేదు, కాబట్టి ప్రమాదం లేదు' అని రాసుకున్న ప్లాన్ అక్కడే కూలిపోతుంది. ఆ కాలుష్యం జాడ పారిశ్రామిక ప్రాంతంలో లోహపు తుక్కు కరిగించే చోటికి దారితీసింది. సప్లయర్ ప్రశ్నావళిలో ఒక వరస అదనంగా చేర్చండి: ప్రాసెసింగ్ ప్లాంటు చుట్టుపక్కల తుక్కు కరిగించే కొలిమి, గనులు, ఎరువుల కోసం ఫాస్ఫేట్ శుద్ధిచేసే కర్మాగారం ఏదైనా ఉందా?

అంచె 4: మీ ప్లాంటు లోపల

డబ్బాల్లో నింపుడు మట్టం చూసే కొన్ని గేజీల్లో అమెరీషియం-241 వంటి మూసివున్న సోర్సు ఉంటుంది. ప్యాకింగ్ లైన్లలో స్థిర విద్యుత్తు పోగొట్టే కొన్ని పరికరాల్లో పొలోనియం-210 ఉంటుంది. గేజీ కిరణం డబ్బా గుండా పోయినంత మాత్రాన ఆహారానికి ఏమీ కాదు. భయపడాల్సింది క్యాప్సూల్ పగిలి లీకవడం గురించి. లైసెన్సు, సీరియల్ నంబరు, సాధారణంగా ఆరు నెలలకోసారి చేసే లీకు పరీక్ష రిపోర్టు ఈ ఫైలులోనే ఉండాలి. గేజీ పక్కన వెల్డింగ్ గానీ గ్రైండింగ్ గానీ చేయాలంటే ముందు సోర్సు షట్టర్ మూసి, బాధ్యుడి సంతకం తీసుకోవాలని మెయింటెనెన్స్ పర్మిట్‌లో రాయండి. పాత గేజీని తుక్కులో అమ్మేయడమే అన్నిటికంటే పెద్ద తప్పు. ఊళ్లను ముంచిన ప్రమాదాలు కొన్ని సరిగ్గా అలా తుక్కుకు చేరిన సోర్సుతోనే మొదలయ్యాయి.

గాలిని మరవకండి. 2011 డిసెంబరులో జపాన్‌లో ఒక కంపెనీ పసిపిల్లల పాలపొడిలో కిలోకు సుమారు 30 బెక్వెరల్ సీజియం బయటపడి, దాదాపు 4 లక్షల డబ్బాలను వెనక్కి తీసుకుని మార్చి ఇవ్వాల్సి వచ్చింది. ఆ సరుకు మార్చి మధ్యలో, అంటే ఫుకుషిమా ప్రమాదం జరిగిన రోజుల్లోనే ఆరబెట్టింది. పాలను పొడిచేయడానికి బయటి నుంచి లాగిన వేడిగాలితోపాటే సీజియం లోపలికి వచ్చిందని భావించారు. స్ప్రే డ్రయర్ కిలో పొడికి ఎంత గాలి లాగుతుందో మీ ఇంజినీరును అడిగితే ఈ దారి ఎంత వెడల్పో తెలుస్తుంది. మీ దగ్గర డ్రయర్, వేడిగాలి టన్నెల్, గాలితో పొడి తోసే పైపులు ఉంటే వాటి గాలి మూలాన్ని కూడా ఫ్లో డయాగ్రాంలో గీయండి.

అంచె 5: తీవ్రత, అవకాశం రాయండి

రెండింటినీ విడిగా రాయాలి. తీవ్రత దగ్గర సాధారణంగా వాదన ఉండదు: మోతాదు, కాలం పెరిగే కొద్దీ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, పసిపిల్లలకు ఎక్కువ. అయోడిన్-131 ఒక్క బెక్వెరల్ పసిబిడ్డకు ఇచ్చే మోతాదు పెద్దవారికి ఇచ్చేదానికి ఎనిమిది రెట్లు. పసిపిల్లల ఆహారం చేసేవారు అందుకే అవకాశం తక్కువైనా ఈ గడిని తేలిగ్గా తీసుకోకూడదు.

అవకాశం దగ్గర లెక్క చూపించండి. పైన చెప్పిన 68 బెక్వెరల్ రొయ్యలనే తీసుకుందాం. ఒకరు ఏడాదికి 10 కిలోలు తిన్నారనుకోండి, 680 బెక్వెరల్ లోపలికి వెళ్లింది. సీజియం-137కి పెద్దవారి గుణకం, అంటే ఒక్కో బెక్వెరల్ ఒంటికి ఇచ్చే మోతాదు, 0.000013 మిల్లీసీవర్ట్ (సీవర్ట్ అంటే రేడియేషన్ మోతాదు యూనిట్). గుణిస్తే 0.009 మిల్లీసీవర్ట్ కూడా రాదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ తన స్థాయిలకు ఆధారంగా పెట్టుకున్నది ఏడాదికి 1 మిల్లీసీవర్ట్. ఆరోగ్యపరంగా చిన్న అంకె. కానీ ఆ రొయ్యల్లో అసలు ఉండకూడనిది కనపడింది, అంటే ప్లాంటు పరిసరాల్లో అదుపు తప్పిన సోర్సు ఉందన్నమాట. ఎఫ్‌డీఏ ఆ సరుకును రానివ్వకపోవడానికి కారణం ఈ రెండోది. మీ పట్టికలోనూ ఈ రెండు ప్రశ్నలకు రెండు జవాబులు ఉండాలి: తింటే ఏమవుతుంది, ఇది ఇక్కడికి ఎలా వచ్చింది.

గడిలో రాసే వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది: 'నీరు సొంత బోరు నుంచి. రేడియం-226, రేడియం-228, యురేనియం పరీక్షించాం, మూడూ తాగునీటి హద్దుల లోపే, రిపోర్టు నంబరు ఫలానా. ముడి సరుకులు ఫలానా ప్రాంతాల్లో సాగుచేసినవి, అడవి సేకరణ లేదు. ప్లాంటులో సోర్సు ఉన్న గేజీలు లేవు. మామూలు పరిస్థితుల్లో నివారణ నియంత్రణ అవసరం లేదు. అణు ప్రమాద ప్రకటన, దిగుమతి హెచ్చరిక, సప్లయర్ లేదా నీటి మూలం మార్పు, వీటిలో ఏది జరిగినా పునఃవిశ్లేషణ.' ఐదారు వాక్యాలు. 'వర్తించదు' అన్న ఒక్క మాటకీ దీనికీ తేడా ఆడిటరు కంటే ముందు మీకే తెలుస్తుంది.

అంచె 6: ఏ పరిమితి పెట్టుకోవాలి

సరుకు ఏ దేశంలో అమ్ముతారో ఆ దేశపు పరిమితి వర్తిస్తుంది. కోడెక్స్ స్థాయిలు ప్రమాదం తర్వాత అంతర్జాతీయ వ్యాపారానికి ఉద్దేశించినవి. కిలోకు బెక్వెరల్‌లో, పసిపిల్లల ఆహారానికి: ప్లుటోనియం, అమెరీషియం గుంపుకు 1, స్ట్రాన్షియం-90, అయోడిన్-131 ఉన్న గుంపుకు 100, సీజియం-134, సీజియం-137, కోబాల్ట్-60 ఉన్న గుంపుకు 1000. ఇతర ఆహారానికి ఇవే వరసగా 10, 100, 1000. ఒక గుంపులోని వాటిని కూడాలి, గుంపులను మాత్రం కూడకూడదు. సీజియం-134 600, సీజియం-137 500 ఉంటే మొత్తం 1100, కాబట్టి హద్దు దాటినట్టే.

అమెరికా ఎఫ్‌డీఏ జోక్యం చేసుకునే స్థాయిలు వేరు: రెండు సీజియాలూ కలిపి 1200, అయోడిన్-131కి 170, స్ట్రాన్షియం-90కి 160, ప్లుటోనియం-238, 239, అమెరీషియం-241 కలిపి 2. జపాన్ 2012 ఏప్రిల్ 1 నుంచి సీజియానికి సాధారణ ఆహారంలో 100, పాలలో, పసిపిల్లల ఆహారంలో 50, తాగునీటిలో 10 అని బిగించింది. జపాన్ కొనుగోలుదారుకు కోడెక్స్ 1000 చూపిస్తే ప్రయోజనం ఉండదు.

ఎండు సరుకు దగ్గర చాలామంది తడబడతారు. కోడెక్స్, ఎఫ్‌డీఏ స్థాయిలు తినడానికి సిద్ధంగా ఉన్న ఆహారానికి. ఎండు పుట్టగొడుగుల్లో కిలోకు 3000 వచ్చి, ఒక కిలో నానాక ఎనిమిది కిలోలైతే లెక్కకు వచ్చేది 375. మసాలాలు చిటికెడే వాడతాం కాబట్టి వాటికి పది రెట్ల సడలింపు ఉంది. నానాక బరువు ఎన్ని రెట్లవుతుందన్న గుణకం ఎంత, ఎలా కొలిచారు అన్నది మీ ఫైలులో ఉండాలి. నానబెట్టి తూచిన అంకె కావాలి, పుస్తకంలోంచి ఎత్తిరాసినది వద్దు.

అంచె 7: ల్యాబుకు పంపేటప్పుడు

చేతిలో పట్టుకునే గైగర్ కౌంటర్‌ను పెట్టె మీద తిప్పి 'ఏమీ లేదు' అని రాయకండి. కిలోకు 1000 బెక్వెరల్ సీజియం-137 ఉన్న ఒక కిలో సరుకు పది సెంటీమీటర్ల దూరంలో ఇచ్చేది గంటకు 0.01 మైక్రోసీవర్ట్ లోపే. పరిసరాల్లో మామూలుగా ఉండేదే 0.1 దాకా ఉంటుంది. కోడెక్స్ హద్దున ఉన్న సరుకు కూడా ఆ పరికరానికి పరిసరాల ఊగిసలాటలో కలిసిపోతుంది. గైగర్ పనికొచ్చేది కంటైనర్ తలుపు దగ్గర పెద్ద కాలుష్యాన్ని పసిగట్టడానికే.

ఆహారానికి కావాల్సింది గామా స్పెక్ట్రోమెట్రీ (గామా కిరణాల శక్తిని బట్టి పదార్థాన్ని గుర్తించే పరీక్ష), వీలైతే ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచే జర్మేనియం డిటెక్టర్‌తో. సాధారణంగా లీటరు మారినెల్లి బీకరు (డిటెక్టర్ చుట్టూ అమరే పాత్ర) నిండేంత సరుకు, అంటే కిలో నుంచి రెండు కిలోలు పంపాలి. ఆర్డర్‌లో మూడు విషయాలు రాయండి. ఏ ఐసోటోపులు (సీజియం-137 లాంటి నిర్దిష్ట రకాలు) కావాలి. ఎంత తక్కువ వరకు చూడగలగాలి (హద్దు 100 అయితే 10 లేదా అంతకంటే కింద అడగండి). ఫలితం తడి బరువుకా, పొడి బరువుకా. 'కనపడలేదు' అని మాత్రమే వచ్చిన రిపోర్టును వెనక్కి పంపండి. కనిపెట్టగల కనిష్ఠ స్థాయి అంకె పక్కన లేకపోతే ఆ మాటకు అర్థం లేదు. ఆ స్థాయిని సగం చేయాలంటే లెక్కించే సమయం నాలుగింతలు కావాలి, ఫీజు దాని మీదే ఆధారపడుతుంది.

స్పెక్ట్రం ప్రింటు అడిగి తీసుకోండి. అందులో 662 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర శిఖరం కనిపిస్తే సీజియం-137. దాదాపు ప్రతి ఆహారంలోనూ 1461 దగ్గర ఒక శిఖరం నిలబడుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి ఉలిక్కిపడతారు. అది పొటాషియం-40, సృష్టి మొదటినుంచీ ఉన్నదే. గ్రాము పొటాషియంకు సుమారు 31 బెక్వెరల్. వెన్నతీసిన పాలపొడిలో కిలోకు 500 చుట్టూ ఉంటుంది. సోడియం తగ్గించడానికి వాడే పొటాషియం క్లోరైడ్ ఉప్పులో కిలోకు 16,000 దాకా. అందుకే ఆహారానికి మొత్తం బీటా పరీక్ష చేయిస్తే పొటాషియం ఉన్నవన్నీ దోషులుగా తేలతాయి. నీటికి ఆ పరీక్షలో బీటా హద్దు దాటితే విడిగా పొటాషియం కొలిపించి, గ్రాముకు 27.9 బెక్వెరల్ చొప్పున తీసేయండి. తీసేశాక కూడా 1 దాటితేనే వెతుకులాట.

స్ట్రాన్షియం-90 గామా ఇవ్వదు, కాబట్టి ఆ స్పెక్ట్రంలో ఎన్నటికీ కనపడదు. దాన్ని రసాయనికంగా వేరుచేసి, దాని పిల్ల ఇట్రియం-90 పెరిగే వరకు ఆగి కొలుస్తారు, రెండు వారాల పైమాటే. రేడియం-226ని గామాతో కొలవాలంటే డబ్బాను గాలి చొరకుండా మూసి మూడు వారాలు ఉంచాలి, రేడాన్, దాని సంతతి సమతుల్యానికి రావాలి. మూడు రోజుల్లో రేడియం ఫలితం ఇచ్చిన గామా ల్యాబును 'ఎన్నాళ్లు సీలు వేసి ఉంచారు?' అని అడగండి.

అంచె 8: నియంత్రణ కావాల్సి వస్తే

చాలావరకు అది సప్లయర్ స్థాయి నియంత్రణే: మూలస్థానం ధ్రువీకరణ, లాటుకు ల్యాబు రిపోర్టు, ఏడాదికి కొన్నిసార్లు మీ సొంత పరీక్షతో సరిచూడటం. రిపోర్టు వచ్చేదాకా ఆ లాటు క్వారంటైన్ చీటీతో విడిగా ఉండాలి.

ప్రాసెసింగ్‌తో తగ్గుతుందా అంటే ఒక్కోదానికి ఒక్కో నడక. సీజియం నీటిలో కరుగుతుంది, ఉడికించి ఆ నీరు పారబోస్తే కొంత పోతుంది. జున్ను తయారీలో అది ఎక్కువగా తేటలోకి వెళ్తుంది. స్ట్రాన్షియం కాల్షియం వెంట నడుస్తుంది, కాబట్టి రెన్నెట్ (పాలను గడ్డకట్టించే ఎంజైము) వాడిన జున్నులో గడ్డలోనే ఉండిపోతుంది, పులుపుతో విరిచిన దాంట్లో తేటలోకి జారుతుంది. తేటను పొడిచేసి అమ్మేవారికి సమస్య వాళ్ల చేతికి వచ్చిందన్నమాటే. ధాన్యంలో రెండూ తవుడులో ఎక్కువ. అయోడిన్-131కి మాత్రం నిల్వే మందు: పాలను పొడిగానో జున్నుగానో మార్చి మూడు నెలలు ఆపితే దాదాపు ఏమీ మిగలదు.

హద్దు దాటిన లాటును మంచి లాటుతో కలిపి సగటు తగ్గించాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ప్లాన్‌లో దాన్ని స్పష్టంగా నిషేధించండి.

అంచె 9: ప్రమాదం ప్రకటిస్తే ఆ రోజు చేయాల్సినవి

దీనికి ఒక పేజీ విడిగా రాసి కంట్రోల్ రూములో అంటించండి. 2011 మార్చి 11న ఫుకుషిమా ప్రమాదం మొదలైంది. 17న జపాన్ తాత్కాలిక పరిమితులు ప్రకటించింది. 19కి పాలలో, పాలకూరలో హద్దు దాటిన ఫలితాలు బయటికి వచ్చాయి. 22న టోక్యోలోని ఒక నీటి శుద్ధి కేంద్రంలో అయోడిన్-131 కిలోకు 210 బెక్వెరల్, పసిపిల్లలకు హద్దు 100. మీకు దొరికే వ్యవధి ఇంతే, రోజుల్లో లెక్క.

ముందు గాలి: డ్రయర్లు ఆపండి, బయటి గాలి డాంపర్లు (గాలి దారి తలుపులు) మూయండి, ఫిల్టర్లను తర్వాత చేతి తొడుగులతో తీసి విడిగా సంచిలో కట్టండి. ఆరుబయట ఉన్న ముడి సరుకు, ప్యాకింగ్ సామాను లోపలికి తెచ్చి కప్పండి. ప్రకటన సమయానికి గోదాములో మూసి ఉన్న సరుకును తేదీతో ఒక గీత గీసి వేరుచేయండి, ఆ తర్వాత వచ్చినదానితో కలపకండి. ఈ గీత ఒక్కటి స్పష్టంగా ఉంటే తర్వాత టన్నుల సరుకు మిగులుతుంది. వాన నీరు, చెరువు నీరు ఆపి లోతైన మూలానికి మారండి.

తర్వాత పశువుల మేత. 2011 జులైలో జపాన్‌లో గొడ్డుమాంసంలో సీజియం హద్దు దాటింది. పశువులు కొట్టంలోనే ఉన్నాయి, కానీ ప్రమాదం రోజుల్లో పొలంలో బయట పడి ఉన్న వరిగడ్డిని వాటికి మేపారు. పశువు ఎక్కడుందని అడిగిన ప్రశ్నావళికి ఇది దొరకదు. మేత ఎప్పుడు కోశారు, ఎక్కడ ఉంచారు అన్నది పాల, మాంసం సప్లయర్ల ఫారంలో ఉండాలి.

అంచె 10: ఫైలులో ఏముండాలి

నీటి మూలాల పటం, రేడియోలాజికల్ రిపోర్టులు, కఠినత్వం లాగ్, సోర్సుల లీకు పరీక్షలు, సప్లయర్ ప్రశ్నావళులు, గుణకాల లెక్క, అంచె 9 పేజీ. అమెరికా నియమం కింద ప్లాన్‌ను కనీసం మూడేళ్లకోసారి పునఃవిశ్లేషించాలి, రికార్డులు రెండేళ్లు ఉంచాలి. ఈ గడి వరకు మాత్రం గడువు కోసం ఆగకండి. కొత్త బోరు వేసినా, పాత బోరును లోతు చేసినా శాంపిల్ మళ్లీ తీయాలి, ఎందుకంటే లోతు మారితే రాతి పొర మారుతుంది, రేడియం దాంతోపాటే మారుతుంది. బోరు లోతు అంకెను రిపోర్టు నంబరు పక్కనే రాసి పెట్టండి. రిపోర్టులోని అంకె ఏ లోతు నీటిదో రాసి లేకపోతే, ఆ తర్వాత వచ్చినవాళ్లు పాత కాగితాన్ని కొత్త నీటికి తగిలిస్తారు.